సూది చూపిన మనిషి

వెండికయ్య అనే ఉప్పునీటి సరస్సు మీద సూర్యుడు కనిపించి తొమ్మిది రోజులయింది.

ఎటు చూసినా మంచు. చిక్కగా, తెల్లగా, పాలమీగడలా పేరుకుపోయిన మంచు. అది తీరాన్ని కప్పింది, తీరాన ఉన్న తాడిచెట్లను కప్పింది, తెడ్లపాలెంలోని పదహారు పూరిళ్ళనూ చూరుల దాకా కప్పి, అంతటితో తృప్తి పడక నీళ్ళ మీద బారలు చాచుకుంటూ పోతోంది. కొబ్బరి మట్టల కొసల నుంచి ఆగకుండా బొట్లు రాలుతున్నాయి. దారి తప్పిన కొంగలు ఇళ్ళ కప్పుల మీద ఒంటికాలిపై నిలబడి, ఏ దిక్కుకు ఎగరాలో తెలియక మెడలు ముడుచుకున్నాయి. మధ్యాహ్నం కూడా తెల్లవారుజాము లాగే ఉంది.

ఇది కాలం తెచ్చిన మంచు కాదు. ధూమ్రజటుడనే మాంత్రికుడు నూరేళ్ళు మంత్రాలు జపించి ఒక గాజు కుప్పెలో బంధించి దాచుకున్న మంచు. దాన్ని బయటికి వదిలిన మహానుభావుడు ఎవరనుకున్నారు? మన కథానాయకుడే! స్వర్ణశృంగ రాజ్యపు యువరాజు హేమాంగదుడు. "కుప్పెను చెక్కు చెదరకుండా తీసుకురా నాయనా, పగిలితే పట్టుకోలేం" అని గురువుగారు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపించారు. కానీ గుహలో తన వెనక ఇరవైమంది భటులు నిలబడి చూస్తుంటే, యువరాజుకు పౌరుషం పొంగింది. వజ్రధార అనే ఖడ్గం దూసి కుప్పెను ఒక్క వేటుకు రెండు ముక్కలు చేశాడు. భటులు జయజయధ్వానాలు చేశారు. ఆ ధ్వానాలు ముగిసేలోపే మంచు గుహ నిండి పొంగి బయటికి పారింది. మాంత్రికుడు దానిలో కలిసిపోయి పకపకా నవ్వుకుంటూ తూర్పున ఉన్న తన పొగకోటకు వెళ్ళిపోయాడు.

మునిగింది మాత్రం యువరాజుగారి కొంప కాదు. తెడ్లపాలెం కొంప.

ఆ వేళ పాలెంలోని పెద్దలందరూ గవ్వలు ఏరడానికి పడవల మీద గవ్వలతిప్పకు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు. ఇంటి దగ్గర పిల్లలూ, చూపు ఆనని ఒక అవ్వా మిగిలారు. ఈ సంగతి వేగులవాళ్ళ నోట విన్నప్పటి నుంచి హేమాంగదుడికి తిండి సయించలేదు. ఏనుగునెక్కి, ఛత్రచామరాలతో ఆ ఊరికి వెళ్ళే మొహం లేక, సూదులూ పూసలూ అమ్ముకునేవాడి వేషం కట్టాడు. భుజాన కావడి. కావడికి రెండు బుట్టలు. కావడి వెదురు బోలుగా తొలిచి, దానిలో వజ్రధారను దాచాడు. ధూమ్రజటుడి మంత్రబలమంతా దాగిన జడలను కోయగల ఆయుధం ఈ భూమి మీద అదొక్కటే.

అతను పాలెం చేరేసరికి ముగ్గురు పిల్లలు ఒడ్డున నిలబడి కంచాలు వాయిస్తున్నారు. ఆ చప్పుడు విని పెద్దవాళ్ళు దారి పట్టుకుంటారని ఆశ. పెద్దది పన్నెండేళ్ళ ముత్యాలు. దాని తమ్ముడు దాసుడు, తొమ్మిదేళ్ళవాడు. మూడోది పక్కింటి పోలి. అయిదేళ్ళది, కంచం కన్నా కొంచెం పెద్దది.

"ఎవులు మావా నువ్వు?" అంది ముత్యాలు.

"నేను సిద్దయ్య అనువాడను" అన్నాడు హేమాంగదుడు. వెంటనే నాలిక కరుచుకుని, "సిద్దయ్యనే. సూదులమ్ముకుంటాను" అని దిద్దుకున్నాడు.

"ఈ మంచులో సూదులు ఎవులు కొంతారు?" అన్నాడు దాసుడు.

అతను జవాబు వెతుక్కుంటూ ఉండగానే నీళ్ళ మీద నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ముత్యాలూ! ఇటేపు రాయే, అమ్మనే!" ముత్యాలు కంచం విసిరేసి నీళ్ళలోకి పరిగెత్తింది. నడుం లోతుకు వెళ్ళాక అదే గొంతు రెండో పక్క నుంచి పిలిచింది. తరవాత వెనక నుంచి. హేమాంగదుడు ఒక్క దూకులో ఆ పిల్లను పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చాడు. మంచు గొంతులు దొంగిలిస్తోంది. మాంత్రికుడి కొత్త విద్య అది.

ముత్యాలు ఏడవలేదు. తడిసిన పావడా పిండుకుంటూ కూర్చుంది. "తిప్ప మీద మంచినీళ్ళు నేవు మావా. ఎనిమిది రోజులకి సరిపడా కుండలు అట్టుకెల్లారు. ఇయ్యాల తొమ్మిదో రోజు" అంది.

"తిప్ప ఏ దిక్కున?"

"సూటిగా ఉత్తరం. తూర్పు నించి పడమరకి కోసు పొడుగుంటాది, ఉత్తరం తప్పకపోతే ఎక్కడో ఒక సోట తగుల్తాది. మంచిరోజైతే జాములో ఎల్లిపోవచ్చు. ఇప్పుడు ఉత్తరం ఎటో ఎవుడికి తెలుసు?"

హేమాంగదుడు నీళ్ళ వైపు చూశాడు. దాహంతో ఉన్న ఆ మనుషులు తన ఒక్క వేటుకు బలి అవుతున్నారు. కానీ ఆ క్షణానే అతనికి రాజనౌక సరంగు నేర్పిన విద్య ఒకటి గుర్తొచ్చింది. బుట్ట దించి, మూడు సూదులూ ఒక నల్లరాయీ పైకి తీశాడు.

సూదులమ్మేవాడి దగ్గర సూదంటురాయి లేకుండా ఉండదు. ఇసకలో పడ్డ సూదిని వేళ్ళతో వెతికితే వేలికి గుచ్చుకోవడమే మిగుల్తుంది. దారానికి కట్టిన ఆ రాయిని ఇసక మీద తిప్పితే సూది తనంతట తనే ఎగిరొచ్చి అతుక్కుంటుంది.

"ఈ రాయి తన గుణం సూదికి అంటిస్తుంది. తలా ఒక సూది తీసుకోండి" అన్నాడు. "కన్ను దగ్గర మొదలుపెట్టి మొన దాకా రాయితో రుద్దాలి. మొన దాటాక రాయి పైకెత్తి, గాల్లోంచి తిప్పి మళ్ళీ కన్ను దగ్గర పెట్టాలి. వెనక్కి రుద్దకూడదు. నలభైసార్లు."

ముత్యాలు ఒడుపుగా రుద్దింది. దాసుడికి లెక్కంటే బద్ధకం. ఇరవై తరవాత పాతిక, పాతిక తరవాత ముప్పై అంటూ గెంతబోతే అక్క మొట్టింది. పోలి మాత్రం అంట్లు తోమినట్టు ముందుకీ వెనక్కీ బరబరా రుద్ది, అందరికన్నా ముందే నలభై అయిపోయాయని చేతులు దులుపుకుంది.

వలలకు కట్టే జీలుగు బెండును వేలిమందాన బిళ్ళలుగా కోసి, సూదులను వాటిలోంచి అడ్డంగా గుచ్చారు. దాసుడు ఇంట్లోకి పరిగెత్తి నీళ్ళకు మూకుడు తెచ్చాడు. ఇనుప మూకుడు. బెండు అలా వదిలారో లేదో సూది వెళ్ళి మూకుడు అంచుకు అంటుకుపోయింది.

"ఇనుము పక్కనుంటే సూదికి ఇంక లోకం కనబడదు. మట్టిది పట్రా" అన్నాడు హేమాంగదుడు, ఎంతో తెలిసినవాడిలా.

మట్టి మూకుళ్ళు వచ్చాయి. ముత్యాలు తన మూకుడు ఇంటి గుమ్మంలో పెట్టి నిలబడింది. పాలెంలో గుమ్మాలన్నీ తూర్పుముఖానే ఉంటాయి, కాబట్టి ఎడమచెయ్యి ఉత్తరం. బెండు బద్ధకంగా కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలి నిలిచింది. సూది కన్ను సరిగ్గా ఆమె ఎడమచేతి వైపు చూస్తోంది. వేలితో తిప్పి వదిలినా మళ్ళీ అటే తిరిగింది. కన్నులోకి ఎర్రదారం ఎక్కించి ముడేశారు. దాసుడి సూదీ అంతే. పోలి సూది మాత్రం ఎటు తిప్పితే అటే ఉండిపోయింది. పోలి పెదవి వణికింది.

"ఏడవకు. మళ్ళీ రుద్దుదాం" అని హేమాంగదుడు ఆ పిల్ల వెనక కూర్చుని, చెయ్యి పట్టుకుని రాయి నడిపించాడు. ఒకటి, రెండు, మూడు... ఇరవయ్యో రుద్దు దగ్గర పోలి తల వెనక్కి వంచి అతని మొహంలోకి చూసింది.

"మావా, ఎవుడో కుప్పె పగలగొట్టి ఈ మంచు ఒదిలీసినాడంట. ఆడు కనబడితే ఏటి సేస్తావు?"

"నానైతే ఆడి నోట్లో ఈ మంచంతా కూరెస్తాను" అన్నాడు దాసుడు.

హేమాంగదుడు లెక్క తప్పాడు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆ చిన్న వేళ్ళు తన అరచేతిలో వెచ్చగా కదులుతుంటే, చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. ముందు తిప్ప చేరనీ అని సర్దిచెప్పుకున్నాడు. పిరికితనం ఎప్పుడూ అలా పనుల వెనకే దాక్కుంటుంది.

ఈసారి పోలి సూదీ ఉత్తరానికే తిరిగింది, దానికీ ఎర్రదారం కట్టారు. ఆరు కుండల మంచినీళ్ళు పడవలోకి ఎక్కించారు. రాయినీ సూదుల బుట్టలనూ అవ్వ దగ్గర వదిలారు. పోలిని కూడా వదలబోతే, తన సూది ఎక్కడుంటే తనూ అక్కడే ఉంటానని మూకుడు కౌగిలించుకుని కూర్చుంది. కావడి వెదురును మాత్రం హేమాంగదుడు చేతికర్రలా వెంట తెచ్చుకున్నాడు. ఇన్నాళ్ళూ దాన్ని వెదురు, వెదురు అని జనానికి చెప్పీ చెప్పీ, లోపలేముందో తనే మరిచాడు.

పడవ పది తెడ్లు సాగిందో లేదో ముత్యాలు కనుబొమలు ముడిచింది. ఎర్రదారం వెనక్కి, పడవ చివర కూర్చున్న హేమాంగదుడి వైపు చూస్తోంది.

"పడవ తిరిగిపోయినట్టుంది మావా. ఎనక్కి తిప్పు."

తిప్పాడు. దారం కూడా తిరిగి మళ్ళీ అతన్నే చూసింది. ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ అంతే. దాసుడు తన మూకుడు తీసి చూశాడు. పోలి తనది తీసి చూసింది. మూడు మూకుళ్ళలోనూ మూడు ఎర్రదారాలు ఒక్క మనిషి వైపే తిరిగి నిలిచాయి.

"సూది మావనే సూస్తంది" అని పోలి కిలకిల నవ్వింది.

యుద్ధంలో వేయిమంది శత్రువులు బల్లేలెత్తి చూసినా జంకని హేమాంగదుడు, గడ్డిపరకంత సూది చూస్తుంటే తల దించుకున్నాడు. ఈ పసివాళ్ళ చేతుల్లో తయారైన వస్తువుకు తన పాపం తెలిసిపోయిందని నిజంగానే నమ్మాడు. లేచి, వెదురు పుచ్చుకుని, ముత్యాలును దాటి పడవ ముక్కు దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. దారాలు మూడూ ముందుకు తిరిగాయి.

"ఇప్పుడు సరిపోనాది! ముందుకే ఉత్తరం!" అని దాసుడు ఉత్సాహంగా తెడ్డు అందుకున్నాడు.

ఇంకేముంది, పడవ ఎటు తిరిగితే అదే ఉత్తరమైంది. పిల్లలు అరజాము సేపు హుషారుగా తెడ్లు వేశారు. మంచులోంచి గొంతులు పిలుస్తూనే ఉన్నాయి. వాటిని నమ్మకుండా సూదినే నమ్ముతున్నందుకు మురిసిపోయారు. అంతలో కింద నీళ్ళు గురగురమన్నాయి. పడవ ఎవరూ తెడ్డు వేయకుండానే పరుగు అందుకుంది.

"సుడి! రాకాసిరేవు సుడి!" అని ముత్యాలు కేక పెట్టింది. "అది పడమటేపు కదా!"

పడవ గిర్రున తిరిగింది. ఒక కుండ దొర్లి నీళ్ళలో పడి క్షణంలో మాయమైంది. పోలి జారిపోబోతే దాసుడు జడ దొరకబుచ్చుకున్నాడు. సుడి నోటి పక్కన ఏనుగంత నల్లబండ మంచులోంచి మీదికి వచ్చింది. హేమాంగదుడు ముక్కున నిలబడి, వెదురును బండకు ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తోశాడు. వెదురు ఫెళ్ళున చీలింది. పడవ బండను ఒరుసుకుంటూ సుడి అంచు దాటి, నిమ్మళమైన నీళ్ళలోకి వచ్చి పడింది.

అతని చేతిలో వెదురు చీలికల మధ్య వజ్రధార ధగధగ మెరుస్తోంది. పిడి మీద స్వర్ణశృంగ రాజముద్ర.

మొదట నోరు విప్పింది ముత్యాలే. "మా పడవ కొబ్బరితాడుతో కుట్టింది. ఒక్క మేకు నేదు. సూదులబుట్ట అవ్వ దగ్గరుంది. ఇనుము పక్కనుంటే సూదికి లోకం కనబడదన్నావు. ఇనుము నీ దగ్గరే ఉంది." కత్తినీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "సూదులమ్మేవోడికి రాజుగారి కత్తి ఏటి మావా?"

దొంగల భయానికి ఉంచుకున్నానని చెప్పవచ్చు. దారిలో దొరికిందనవచ్చు. రెండు అబద్ధాలూ నాలిక చివరకు వచ్చాయి. కానీ ఇప్పటికే ఒక అబద్ధం ఈ పిల్లలను సుడి దాకా తెచ్చింది.

"నేను సిద్దయ్యను కాను. యువరాజు హేమాంగదుణ్ణి" అన్నాడు. "ఆ కుప్పె పగలగొట్టింది నేనే. ఈ కత్తితోనే. వద్దని గురువుగారు చెప్పినా, భటుల ముందు గొప్ప కోసం పగలగొట్టాను. మీ వాళ్ళు రాకపోవడానికి కారణం నేనే."

పోలి ముత్యాలు వెనక నక్కింది. దాసుడు మంచు కూరతానన్నవాడు, ఊరికే కళ్ళప్పగించి చూశాడు. ముత్యాలు పెద్దమనిషిలా తమ్ముడికీ పోలికీ వేలితో పెదవుల మీద అడ్డగీత గీసింది. తన పెదవుల మీదా గీసుకుంది.

దాన్ని తెడ్లపాలెంలో మాటకట్టు అంటారు. ఎవరి తప్పు వల్లనైనా ఒక పడవ ఆపదలో పడితే, ఆ తప్పు చేసినవాణ్ణి అక్కడ కొట్టరు, తిట్టరు, అన్నం నీళ్ళు మానిపించరు. ఆ పడవ ఎక్కినవాళ్ళలో ఆఖరి మనిషి పాలెం ఒడ్డున కాలు పెట్టేదాకా అతనితో ఒక్క మాట మాట్లాడరు. అంతే. పుట్టినప్పటి నుంచి వందిమాగధుల పొగడ్తల మధ్య పెరిగిన హేమాంగదుడికి, ఆ ముగ్గురు పిల్లల మౌనం కొరడా కన్నా గట్టిగా తగిలింది. తనకు తగిన శిక్షేనని అనుకున్నాడు. అనుకున్నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

కానీ పడవ నడవాలి కదా! ముత్యాలు ఉపాయం ఆలోచించి మూకుడు మీదికి వంగింది.

"సూదీ, ఆ కత్తిని మోకు సివర కట్టి ఎనకాల నీళ్ళలో ఎయ్యమను. ఇరవై బారల మోకుంది. మునిగిపోకుండా వల బెండ్లు కట్టమను."

హేమాంగదుడు సూది ఆజ్ఞను శిరసావహించాడు. బెండ్ల కట్ట మీద కత్తి తేలుతూ మంచులో కనుమరుగయింది. మూకుడులో ఎర్రదారం తడబడి, మెల్లగా తిరిగి, అతన్ని విడిచి కుడివైపు నిలిచింది. పడవ తిప్పినా అక్కడే నిలిచింది.

"సూదీ, గట్టిగా ఎయ్యమను తెడ్డు" అన్నాడు దాసుడు.

రెండు వందల తెడ్లయినా పడ్డాయో లేదో మోకు ఫట్‌మని బిగిసింది. పడవ ఆగి, వెనక్కి జరగడం మొదలుపెట్టింది. మంచులోంచి గుహలో దొర్లే రాళ్ళలాంటి నవ్వు వినవచ్చింది.

"యువరాజా! నీ కత్తి నా పిడికిట్లో ఉంది. మోకు వదలకు, నిన్ను నా దగ్గరికే లాక్కుంటాను. నాతో తలపడాలని లేదూ? వదిలావా, ఇక జన్మలో ఇది నీకు దక్కదు. నా జడలు ఏం పెట్టి కోస్తావు? సూదితోనా?"

పడవ వెనుక అంచు మీదుగా నీళ్ళు లోపలికి దూకాయి. హేమాంగదుడి చేతులు మోకు ముడి మీద ఆగాయి. శత్రువు ఇరవై బారల దూరంలో ఉన్నాడు. ఇంత దగ్గర మళ్ళీ దొరకడు. చంపితే మంచు విడిపోతుంది, తప్పు మాసిపోతుంది, జయజయధ్వానాలు మళ్ళీ మోగుతాయి. ఆ ఆఖరి ఆలోచన రాగానే తనంటే తనకే రోత పుట్టింది. తల తిప్పి చూశాడు. ముగ్గురు పిల్లలు దోసిళ్ళతో నీళ్ళు తోడుతూ, అయిదు కుండలనూ కాళ్ళతో అదిమి పట్టుకున్నారు. ఎవరూ అతన్ని ఏమీ అడగడం లేదు. అడగకూడదు.

అతను ముడి లాగేశాడు. మోకు పాములా జర్రున మంచులోకి పోయింది. నవ్వు దూరమయింది.

జాము గడిచాక పడవ అడుగు గవ్వల మీద కరకరలాడింది.

తిప్ప మీద జనం అయిదు పడవలను బోర్లించి, వాటి కింద పడి ఉన్నారు. పెదాలు పగిలి, కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. పిల్లల గొంతు విని మొదట ఎవరూ కదల్లేదు. ఆ మోసం వాళ్ళకు అలవాటైపోయింది. ముత్యాలు వెళ్ళి తల్లి నీలమ్మ చేతిని తన మొహం మీద పెట్టుకున్నాక, అప్పుడు లేచింది ఏడుపు. కుండలు చేతులు మారాయి. తిప్ప అంతా పిలుపులూ కౌగిలింతలూ నిండిపోయాయి. పోలి మాత్రం ఒక్కో పడవ కిందా వంగి అయ్యను వెతుక్కుంది.

నీలమ్మ తాగిన మొదటి గుక్కతో గొంతు తడుపుకుని, హేమాంగదుడి ముందుకు వచ్చి చేతులు జోడించింది. "ఎవులయ్యా నువ్వు? దేవుడల్లే వచ్చినావు. ఏ తల్లి కన్నదో..."

పిల్లలు ముగ్గురూ నేల చూశారు. చెప్పరని అతనికి అర్థమయింది. ఊరుకుంటే చాలు, దేవుడుగా ఉండిపోవచ్చు.

"దేవుణ్ణి కాదమ్మా, దణ్ణం పెట్టకు" అన్నాడు. ఉన్నదంతా చెప్పాడు, కత్తి పోయిన సంగతితో సహా.

నీలమ్మ జోడించిన చేతులు విడిపోయాయి. నెమ్మదిగా వేలెత్తి పెదవుల మీద అడ్డగీత గీసుకుంది. ఆమె వెనక ఒకరి తరవాత ఒకరు అందరూ గీసుకున్నారు. ఎవరో ఒక ముసలాయన నీళ్ళ ముంత తెచ్చి అతని ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అది తాగలేకపోయాడు హేమాంగదుడు.

తిరుగు ప్రయాణానికి ముత్యాలు పడవలను వరస కట్టించింది. ముందు పడవలో తన మూకుడు, చివరి పడవలో దాసుడి మూకుడు. అప్పుడు తలలు లెక్కపెట్టారు. గవ్వలకు వచ్చినవాళ్ళు ముప్పై ఇద్దరు. ఉన్నది ముప్పై ఒకరు.

"సోములేడీ?" అంది ముత్యాలు. సోములు పోలి తండ్రి.

నీలమ్మ పోలి వైపు చూడలేక, నీళ్ళ వైపు తిరిగి చెప్పింది. "మొన్న పొద్దున్న తూర్పేపు నించి పోలి గొంతు ఇనపడ్డాది. అయ్యా, మునిగిపోతన్నానని. అది మంచే సోములూ అని ఎంతమందిమి పట్టుకున్నా ఆగనేదు. దూకీసినాడు."

తూర్పున ఉన్నది ధూమ్రజటుడి పొగకోట. హేమాంగదుడు ఎవరి అనుమతీ అడగలేదు, అడిగినా చెప్పేవాళ్ళు లేరు. పిల్లలు వచ్చిన చిన్నపడవను నీళ్ళలోకి తోశాడు. చేతిలో కత్తి లేదు, వెనక భటులు లేరు. తెడ్డు ఒక్కటే ఉంది.

పోలి మోకాళ్ళ లోతు దిగి వచ్చి, తన మూకుడును పడవలో పెట్టింది. అతని మొహం వైపు చూడలేదు. మాటకట్టు తప్పకుండా, మూకుడు మీదికి వంగి సూదితో మాట్లాడింది.

"సూదీ, మా అయ్యకి ఎడం సెవి ఇనపడదు. కుడేపు నించి పిలవమను." కాస్త ఆగింది. "నాను పిలవనేదని సెప్పమను."

అంతలో తూర్పు నుంచి, మంచు లోతుల్లోంచి, అచ్చం ఆ గొంతే లేచింది. "అయ్యా! మునిగిపోతన్నాను, రాయ్యా!" నీళ్ళలో నిలబడ్డ పోలి పెదవులు బిగించుకుని ఉంది.

హేమాంగదుడు ఎర్రదారాన్ని ఎడమచేతి వైపుకు తెచ్చుకుని, ఆ గొంతు వినవచ్చిన దిక్కుకే తెడ్డు వేశాడు.